యూదా పీట

ఫిబ్రవరి 14, 2024. విభూది బుధవారం

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా ఒక పురుగుమందు ప్రకటన ఉంది. ఇవాళ్టి పేజీకి కాండం తొలిచే పురుగు వచ్చింది. ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలుపెట్టడానికి బాగానే కుదిరింది.

రాయడం ఎందుకంటే, చెప్పుకోడానికి మనిషి లేడు. తమ్ముడు చిన్నప్ప ఉన్నంతకాలం రోజూ సాయంత్రం వాడి అరుగు మీద కూర్చుని నేను చెప్పేవాణ్ణి, వాడు వినేవాడు. వినేవాడో కూర్చునే నిద్రపోయేవాడో గానీ కళ్ళు మాత్రం తెరిచే ఉండేవి. మొన్న వానాకాలంలో పోయాడు. వాడి భార్య ఆగ్నేసమ్మ పక్క వాటాలోనే ఉంది. వింటుంది కూడా. కానీ తలుపు వెనక నుంచి. నేను ఆమెకి బావగారిని. ఇన్నేళ్ళలో నా ఎదురుగా కూర్చుని ఎరగదు. మంచినీళ్ళ గ్లాసైనా చేతికి చెయ్యి తగలకుండా గట్టు మీద పెడితే నేను తీసుకోవాలి. మా వైపు అంతే. మరిదితో ఎన్ని వేళాకోళాలైనా ఆడొచ్చు. బావగారి నీడ కూడా తగలకూడదు.

గుడిలో అందరికీ నుదుట బూడిద పెట్టారు. ఆగ్నేసమ్మకి ఎప్పటిలాగే ఆఖర్న, వరండాలో, చెప్పుల పక్కన. ఆమె కుడికాలు బోదకాలు. లోపల పాలరాయి వేశాక ఆమెని రావద్దని ఎవరూ అనలేదు. ఆ మాట నిజమే చెప్పాలి. ఆమె ఎక్కడ కూర్చుంటే అక్కణ్ణుంచి మిగతావాళ్ళు ఫ్యాను గాలి కోసమన్నట్టు జరిగేవారు. రెండు ఆదివారాలు చూసి ఆమే బయటికి జరిగింది. ఈమధ్య వాసన కూడా వస్తోందంటున్నారు. నాకైతే రావడం లేదు. కాలవ లాకుల మీద గేట్లు తిప్పే లస్కరుగా పనిచేసినవాడి ముక్కు ఇది. కాలవలో కొట్టుకొచ్చినవన్నీ గేటు దగ్గరే ఆగేవి, తీసి గట్టున పడేసేది నేనే.

ఫిబ్రవరి 18. ఆదివారం

పీటల గొడవ మొదలైంది. ముందు నుంచి రాస్తాను, నాకు మధ్యలోంచి చెప్పడం చేతకాదు.

మా రాయప్పపాలెంలో గుడి కట్టిన ఇటలీ ఫాదరు, పవిత్ర గురువారం నాడు, ఏసు తన శిష్యుల కాళ్ళు కడిగిన గుర్తుగా ఫాదరు కాళ్ళు కడిగే పూజకి పన్నెండు తుమ్మచెక్క పీటలు చేయించాడట. ఒక్కో పీట అడుగున ఒక్కో శిష్యుడి పేరు కాల్చి వేయించాడు. చీట్లు తీసి పన్నెండు ఇళ్ళకి ఇచ్చాడు. పీట ఏడాదంతా ఆ ఇంట్లోనే ఉంటుంది. గురువారం నాడు ఆ ఇంటివాళ్ళే దాన్ని గుడికి మోసుకెళ్ళాలి, ఆ ఇంటి మనిషే దానిమీద కూర్చోవాలి. ఇంకెవరికీ హక్కు లేదు. పేతురు పీట ఉన్న ఇంటికి సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవి. యోహాను పీటవాళ్ళు తామేదో అందగాళ్ళయినట్టు నడిచేవారు.

మాది యూదా పీట, ప్రభువుని పట్టిచ్చినవాడిది.

ఆ చీటీ ఎవరికి పడిందో గానీ వాళ్ళు తీసుకోలేదట. యూదా తరవాత ఆ స్థానంలోకి మత్తీయ వచ్చాడు గదా, మత్తీయ పేరు వేయించండి అని పెద్దలు బతిమాలితే, ఆ దొర ఫాదరు వచ్చీరాని తెలుగులో "ఆ రాత్రి మత్తీయ లేదు. యూదా ఉంది. యూదా కాలు కడిగింది" అన్నాడట. మా తాత ఎవరిదో గేదె కాలవలో పడితే తీయబోయి ఆలస్యంగా వచ్చాడు. మిగిలింది ఆ పీటే. అప్పటి నుంచి మేం యూదా వాళ్ళం. ఊళ్ళో మేక కనపడకపోతే ముందు మా దొడ్డిలోకి తొంగిచూసేవారు.

నాకు లాకుల డ్యూటీ కాబట్టి పీట చిన్నప్ప ఇంట్లో ఉండిపోయింది. ఏటా వాడే కూర్చునేవాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్న మనిషి ఆగ్నేసమ్మ. కాబట్టి ఆమే కూర్చోవాలి. ఇందులో తికమక ఏముంది?

ఉందంటాడు శౌరిరాజు. వీడు మా ఆవిడ తమ్ముడు. ఆవిడ పోయింది, వీడు మిగిలాడు. గుడి కిందికొచ్చే జనాన్నంతా విచారణ అంటాం, ఆ విచారణ సంఘానికి అధ్యక్షుడు. పూజ అవగానే నన్ను పక్కకి పిలిచాడు.

"బావా, ఈసారి గురువారం పూజ యూట్యూబులో లైవు. కువైట్లో మనవాళ్ళంతా చూస్తారు. చిన్నప్ప బావ పీట మీద మా అల్లుణ్ణి కూర్చోబెడదాం."

"మీ అల్లుడు ఆ ఇంట్లో ఎప్పుడు కాపరం పెట్టాడ్రా?"

"అది కాదు బావా. కాళ్ళు కాస్త నీటుగా కనపడాలి గదా."

నీటుగా! గురువారానికి ముందు ఈ పెద్దమనుషుల కాళ్ళు చూడాలి. పొద్దున్నే బావి దగ్గర చేరి, ఒకళ్ళ మడమలు ఒకళ్ళు ఇటుకముక్కతో రుద్దుకుని, గోళ్ళు తీయించుకుని, కొబ్బరినూనె రాసుకుని వస్తారు. ఫాదరు దగ్గరికి వచ్చేసరికి ఆ కాళ్ళకి కడగాల్సిన మట్టి గోరంత ఉండదు. కడిగిన కాళ్ళే కడిగించుకునే ఊరు ఇది.

ఫిబ్రవరి 20

శౌరిరాజు పీట కోసం వచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నాను.

"అక్కా, పీట తీసుకెళ్దామని వచ్చాను. పాలిష్ పెట్టించాలి."

లోపల నుంచి ఆగ్నేసమ్మ, "కాలు దాని మీదుంది తమ్ముడూ."

"కాలు తియ్యి మరి."

"తీసేయడం నా చేతిలో ఉంటే ఇన్నేళ్ళు మోస్తానా?"

నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను. పోతూ పోతూ నాకేసి ఒక చూపు చూశాడు.

వాడు వెళ్ళాక తలుపు వైపు తిరిగి చెప్పాను, ఈసారి నువ్వే కూర్చోవాలమ్మా, హక్కు నీది అని.

"నా కాలు ఊరందరికీ చూపించాలా బావగారూ? శౌరిరాజు మీద గెలవాలని ఉంటే పేకాటలో గెలవండి."

ఒప్పుకున్నట్టే. ఆమె మాట తీరు అంత.

ఫిబ్రవరి 21

శౌరిరాజుతో ఇక జన్మలో మాటల్లేవు.

ఫిబ్రవరి 22

మాట్లాడాను. తిట్టాలంటే మాట్లాడక తప్పదు.

మార్చి 3. ఆదివారం

పూజయ్యాక గుడిలోనే మీటింగు పెట్టారు. ఫాదర్ జోజిబాబు గారు మంచివారు. వచ్చి ఏడాది కాలేదు. ఎవరు ఏం చెప్పినా తల ఊపుతారు. ఇద్దరు ఎదురెదురుగా చెబితే రెండువైపులా ఊపుతారు.

నేను లేచి, ఆడవాళ్ళూ కూర్చోవచ్చని రోములోనే ఒప్పుకున్నారు, మీకేం నొప్పి అన్నాను.

"ఆడవాళ్ళకి కాదు బావా అభ్యంతరం. ఆ కాలికి," అన్నాడు శౌరిరాజు. "ఒకే బేసిను, ఒకే తువ్వాలు. పిల్లా పాపా ఉన్నవాళ్ళం."

"అది దోమ కుడితే వస్తుందిరా, తువ్వాలుకి రాదు. మీ చేపలచెరువు గట్టున దోమలు పెంచుతున్నావు చూడు, వాటిని అడుగు."

"ప్రార్థన చేసి ఆలోచిద్దాం," అన్నారు ఫాదరు. ఆయన దగ్గర ప్రార్థనంటే వాయిదా.

నేను కూర్చోలేదు. "ఫాదర్ గారూ, నేను చదివింది తక్కువ, లైబ్రరీలో కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. నాకు తెలిసింది ఇంతే. ఆ రాత్రి ఆయన కడిగిన కాళ్ళలో ఒక జత కాళ్ళు అటునుంచి అటే ఆయన్ని పట్టివ్వడానికి పోయాయి. పోతాయని తెలిసీ కడిగాడు. వేళ్ళు ముడుచుకోలేదు, ముక్కు మూసుకోలేదు. మా ఆగ్నేసమ్మ కాలు ఈ వరండా దాటి ఎక్కడికి పోయిందండీ? ఎవర్ని పట్టిచ్చింది?"

గెలిచాననుకున్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో, పోనీ ఆ కాలికి మేజోడు తొడిగితేనో అన్నారు. ఇంకొకరు, "అంత మేజోడు బందరంతా తిరిగినా దొరకదు," అన్నారు. నవ్వులు. నవ్వకూడదనుకున్నవాళ్ళూ నవ్వారు. కిటికీలు తెరిచే ఉన్నాయి. వరండాలో ఆగ్నేసమ్మ లేచి, గోడ పట్టుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్ళడం నాకు కనపడింది.

సాయంత్రం తలుపు వెనక నుంచి తనే పిలిచింది.

"బావగారూ. పీట నేనే తెచ్చుకుని నేనే కూర్చుంటానని చెప్పండి శౌరిరాజుకి."

"నేను చెప్పానా, నీ హక్కు..."

"హక్కు కాదండీ. మేజోడన్నారు చూడండి, అందుకు."

మార్చి 6

ఆశా కార్యకర్త ప్రియ వచ్చింది. ఊళ్ళో బోదకాలు ఉన్నవాళ్ళకి సర్కారు ఇచ్చిన నీలం టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు అన్నీ ఈ పిల్లే తెచ్చి ఇచ్చింది అప్పట్లో. నోరు పెద్దది. వీధి చివరికి వినపడుతుంది.

"మామ్మగారూ! ఏంటీ కాలు ఇలా చేసుకున్నావు? వేళ్ళ సందులన్నీ పాచిపోయాయి. రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టమన్నానా లేదా?"

"వంగలేను తల్లీ. ఈ మోకాలు మడత పడి ఎన్నేళ్ళయింది."

"మరి నిరుటి దాకా అద్దంలా ఉండేదిగా?"

"ఆయన కడిగేవారు."

"చిన్నప్ప తాతయ్యా?"

"రోజూ. జ్వరమొచ్చినా మానలేదు. సందుల్లో తుడిచేటప్పుడు నాకు గిలి పుట్టి తంతానని తలుపు వేసుకునేవారు, ఎవరైనా చూస్తే నవ్వుతారని."

అరుగు మీద నేను డైరీ తీసుకుని కూర్చున్నాను. అక్కడ ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మార్చి 7

చిన్నప్ప రోజూ దీపాలు పెట్టే వేళకి, నా కథ ఎక్కడున్నా సరే, "ఇక పద అన్నయ్యా" అని లేపేసి తలుపు వేసుకునేవాడు. టీవీలో వార్తలకని అనుకున్నాను. గోడ అవతల నీళ్ళ చప్పుడు వినపడేది. ఆమె గిన్నెలు తోముతోందనుకున్నాను. ఒకసారి ఉప్పెన కథ, శవాలు మా లాకు గేటుకి వచ్చి ఆగిన చోటు, సరిగ్గా అక్కడ లేపేశాడు. వారం రోజులు వాడి అరుగు ఎక్కలేదు నేను.

వాడు ఏటా యూదా పీట మీద తల వంచుకుని కూర్చుని, నీళ్ళు పోయించుకుని, ఇంటికొచ్చి ఈ పని చేసేవాడన్నమాట. ఒక్కడికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నేను చెప్పనిస్తే గదా.

మార్చి 12

ఆమె కాలు కడిగే చేతుల కోసం ఊరంతా తిరిగాను. కాలవ అవతల వీధి నుంచి ఒకావిడని పిలిచాను. ఒకరోజు వచ్చింది, రెండోరోజు వాళ్ళింట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదు. గుడివాడలో ఉన్న మా అమ్మాయి ప్రేమకి ఫోన్ చేశాను.

"నాన్నా, అంత విచారణలో ఒక్క ఆడమనిషి దొరకలేదా?"

"నువ్వు రావే నాలుగు రోజులు."

"నాలుగు రోజులయ్యాక?"

ఈ పిల్లకి నా పోలికే, అడగకూడనిదే అడుగుతుంది.

ఏం ఫరవాలేదు. గురువారం అవనీ. ఒకసారి ఫాదరు అందరి ముందూ ముట్టుకుంటే ఊరు ముట్టుకుంటుంది. అప్పుడు చేతులకి కొరతా?

మార్చి 13

కొరతే. ఆ సంగతి నాకు తెలుసు.

మార్చి 17. ఆదివారం

ఫాదరు గారే ఆగ్నేసమ్మని చూడ్డానికి వచ్చారు. మొహంలో నిద్ర లేదు. నేను అరుగు మీదే ఉన్నాను. లోపల ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని, చాలాసేపు తన ఉంగరం తిప్పుకున్నారు.

"అమ్మా, నేనొకటి అనుకున్నాను. గురువారం పొద్దున నేనే మీ ఇంటికొచ్చి, ఇక్కడే ప్రార్థన చేసి, మీ కాలు కడుగుతాను. ఎవరికీ ఇబ్బంది ఉండదు. గుడిలో గొడవెందుకు?"

నాకు ఒళ్ళు మండి ఏదో అనబోయాను. లోపల నుంచి ఆమె అందుకుంది. చాలా మర్యాదగా అంది.

"చాలా సంతోషమండి. మరి మిగతా పదకొండు మంది ఇళ్ళకీ వెళ్ళి కడుగుతారాండి?"

ఫాదరు తల ఊపడం మర్చిపోయారు.

"లేదమ్మా, వాళ్ళకి గుడిలోనే..."

"అయితే నాక్కూడా గుడిలోనేనండి. పీట ఉన్నదక్కడికి పోవడానికే కదండీ."

పోయేటప్పుడు అరుగు దగ్గర ఆగి, నాతో మెల్లగా, "ఇన్నాసి గారూ, నాకు భయంగా ఉందండి," అన్నారు. శౌరిరాజు అంటేనా అన్నాను. కాదన్నారు. "ఆ కాలు చూస్తే. ముట్టుకోగలనో లేనో." కుర్రాడు. నిజం చెప్పినందుకు అతని మీద నాకు కోపం కాస్త తగ్గింది. పూర్తిగా కాదు.

మార్చి 24. మట్టల ఆదివారం

ఊరంతా కొబ్బరి మట్టలు పట్టుకుని హోసన్నా పాడుతూ తిరిగింది. ఆగ్నేసమ్మకి కాలు పొంగి చలిజ్వరం. ఆటోలో బందరు తీసుకెళ్ళి ఇంజెక్షన్లు చేయించాను. నర్సు అడిగింది, ఇంట్లో కాలు ఎవరు చూసుకుంటారని. విననట్టు బిల్లు కౌంటర్ వైపు వెళ్ళాను.

మార్చి 26

పొద్దున అరుగు మీద నాలుగు కొబ్బరి బొండాలు. మూతులు చెక్కి ఉన్నాయి. శౌరిరాజు సైకిలు మలుపు తిరుగుతూ కనపడింది. పిలవలేదు. వాడూ తిరిగి చూడలేదు. వాడి చేతిలో మంచితనం లేకపోలేదు, నోట్లోనే లేదు.

జ్వరం తగ్గింది. ఆమె గురువారం వస్తానంటోంది.

మార్చి 28. పవిత్ర గురువారం

ఇంటికి రాగానే చొక్కా కూడా మార్చకుండా డైరీ తీశాను. సంతోషంతోనే.

పీట నేను మోశాను. ఆమె నా వెనక పది అడుగుల దూరంలో, బావగారి వెనక నడవాల్సినంత దూరంలో, కర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. మేం వెళ్ళేసరికి పన్నెండో చోటులో ప్లాస్టిక్ కుర్చీ వేసి దాని మీద శౌరిరాజు అల్లుడు. నేను కుర్చీ పక్కన పీట వేశాను. ఆగ్నేసమ్మ వరండా దాటి, చెప్పులు దాటి, పాలరాయి మీద నడుచుకుంటూ వచ్చి నిలబడింది. అల్లుడు ఆ కాలు చూసి తనే లేచాడు. మంచి కుర్రాడు. మావగారిని చూడకుండా వెళ్ళి మగాళ్ళ వరసలో కలిసిపోయాడు.

ఫాదరు పై వస్త్రం తీసి తువ్వాలు నడుముకి కట్టుకున్నారు. పాట మొదలైంది. పేతురు పీట, అంద్రెయ పీట... ఒక్కో కుడికాలు చాపడం, నీళ్ళు పోయడం, తువ్వాలు అద్దడం, ముద్దు. ఎక్కడా మురికి లేదు. కొబ్బరినూనె వాసన. కెమెరా వెంట వస్తోంది. పన్నెండో పీట దగ్గరికి రాగానే కెమెరా మెల్లగా పక్కకి తిరిగి గూట్లో ఉన్న పునీత జోజప్పగారి విగ్రహాన్ని చూపించడం మొదలుపెట్టింది. కువైట్లో వాళ్ళంతా జోజప్పగారి గడ్డాన్ని చూశారు కాసేపు.

శౌరిరాజు వంగి, "అక్కా, ఎడమకాలు పెట్టు," అన్నాడు గుసగుసగా.

ఆమె గుసగుసలాడలేదు. "అది నేనే కడుక్కోగలను తమ్ముడూ."

కుడికాలే చాపింది.

ఫాదరు మోకాళ్ళ మీద ఉన్నారు. మొహం పాలిపోయింది. పైనుంచి నాలుగు చుక్కలు పోశారు. తువ్వాలు చివర తాకీ తాకనట్టు తాకించారు. లేవబోయారు.

"ఫాదర్ గారూ," అంది ఆగ్నేసమ్మ.

పాట ఆగలేదు గానీ పాడేవాళ్ళ గొంతులు తగ్గాయి.

"వేళ్ళ మధ్య కడగలేదండి. అక్కడే కడగాలి. లేకపోతే పాచిపోద్దండి."

ఆ గుడిలో దొర ఫాదరు కాలం నుంచి చాలా ప్రసంగాలు విని ఉంటారు జనం. ఇంత చిన్నది విని ఉండరు. ఫాదరు ఆమె మొహంలోకి చూశారు. ఆమె కోపంగా లేదు, ఏడవడం లేదు. సబ్బు లేదా అని అడిగే మనిషిలా చూస్తోంది. ఆయన మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నారు. అంగీ చేతులు జబ్బల దాకా మడిచారు. ఆ కాలు రెండు చేతులతో ఎత్తి బేసిన్లో పెట్టుకున్నారు. బరువు ఊహించినట్టు లేరు, ఒక్క క్షణం తూలారు. ఒక్కో వేలూ విడదీసి కడిగారు. నీళ్ళ రంగు మారింది. ఒక్కో సందూ తుడిచారు. మధ్యలో ఆమె, "చిటికెనవేలు దగ్గర కాస్త మెల్లగా అండి," అంది. ఆయన, "సరేనమ్మా," అన్నారు. పాటలో చరణాలన్నీ అయిపోయి మళ్ళీ మొదటికొచ్చాయి. చివర్న ఆయన కళ్ళు తుడుచుకోవాల్సి వస్తే అదే తువ్వాలుతో తుడుచుకున్నారు. శౌరిరాజు భార్య "అయ్యో" అంది.

ముద్దు పెట్టుకున్నారా లేదా అని బయట అప్పుడే రెండు పార్టీలు తయారయ్యాయి. నేను పక్కనే ఉన్నాను. నేను చెప్పను. కొట్టుకోనీ.

గెలిచాం.

మార్చి 29. పవిత్ర శుక్రవారం

సిలువ మార్గం అయ్యేసరికి ఎండ దిగింది. దారిలో నలుగురు ఆపి, ఇన్నాసి గారూ, మీ పట్టుదల మెచ్చుకోవాలి అన్నారు. ఇద్దరు మొహం తిప్పుకున్నారు. రెండూ బాగానే ఉన్నాయి. ఛాతీ విరుచుకునే తమ్ముడి అరుగు ఎక్కాను.

"ఎలా ఉందమ్మా కాలు?"

"నిన్న చాలా బావుంది బావగారూ. రాత్రి హాయిగా నిద్రపట్టింది."

"ఇవాళ?"

"ఇవాళ శుక్రవారం గదండీ," అంది.

దొడ్డి గోడకి మేకు మీద ఆ నీలం టబ్బు వేలాడుతోంది. అడుగున సాలెగూడు.

ఇంటికొచ్చి అందర్నీ తిట్టుకున్నాను. శౌరిరాజుని. కంటతడి పెట్టి నిన్న పండగ చేసుకుని ఇవాళ కొంగుల్లో ముక్కులు పెట్టుకున్న ఊరిని. ఫాదరుని కూడా, ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఏడు ఊళ్ళ పూజలు. చెప్పకుండా చేసి చెప్పకుండా పోయిన చిన్నప్పని. అందరూ అయిపోయారు. తిట్టడానికి ఇంకా ఒకడు మిగిలాడు.

వాడికి రెండు చేతులున్నాయి. లాకు గేట్లు తిప్పిన చేతులు. కానీ బావగారి చేతులు.

మార్చి 30. శనివారం

దొడ్లో టబ్బు తోమాను. నీళ్ళు గోరువెచ్చగా కాచాను. సబ్బు, తువ్వాలు పట్టుకుని అరుగు మీద పెట్టాను. లోపల కాదు, వీధి అరుగు మీద. తలుపు వేసుకుని చేస్తే ఊరు ఒకటి అంటుంది, తెరుచుకుని చేస్తే ఇంకొకటి అంటుంది. రెండోది వినడానికి బావుంటుంది.

"ఆగ్నేసమ్మా, బయటికి రా."

తలుపు సందులోంచి చూసింది. "బావగారూ! ఏంటిది?"

"కాలు."

"మీరా? తప్పు. ఊరేమంటుంది?"

"ఊరు అనడానికే అరుగు మీద పెట్టాను."

"ఆయనుంటే ఒప్పుకునేవారా?"

"వాడుంటే నేనెందుకు?"

గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. నేను చొక్కా చేతులు మడుచుకుంటూ కూర్చున్నాను. అవతల గుడిలో రాత్రి పూజకి మైకు సరిచేస్తున్నారు. చివరికి ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె మొహం ఇంత దగ్గరగా నేను చూడలేదు. చెంప మీద మచ్చ ఉందని కూడా నాకు తెలియదు.

"సబ్బు ముందు మీ చేతులకి రాసుకోండి. కాలికి రుద్దకూడదు."

"సరే."

"కథ మాత్రం చెప్పకండి. ఆయనకీ నాకూ మాటలుండేవి కావు ఈ పనప్పుడు."

"సరే."

బరువుగా ఉంది. వేడిగా ఉంది. నాకు వాసన వచ్చింది. ఫిబ్రవరి నుంచీ వస్తూనే ఉంది, అదీ రాసేస్తున్నాను. మొదటి రెండు వేళ్ళూ కడిగేసరికి వాసన పోయింది, లేకపోతే నేను మర్చిపోయాను. మూడో సందు దగ్గర ఆమె కాలు వెనక్కి లాక్కుంది. చక్కిలిగిలి. నవ్వు ఆపుకోడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీధిలో ఆడవాళ్ళు ముగ్గురయ్యారు.

అప్పుడొచ్చాడు శౌరిరాజు, రాత్రి పూజకి తెల్ల పంచె కట్టుకుని, చేతిలో కొవ్వొత్తి పెట్టుకుని. అరుగు ముందు ఆగిపోయాడు.

"బావా! ఏంటీ పని! తమ్ముడి పెళ్ళాం కాలు..."

"అవును. తమ్ముడి పెళ్ళాం కాలే."

"నలుగురూ చూస్తున్నారు!"

"లైవు. కెమెరా తిప్పేవాళ్ళు లేరు ఇక్కడ."

"పరువు..."

"ఒరేయ్ శౌరీ. చేతులు తడిగా ఉన్నాయి. నీ పక్కనున్న ఆ తువ్వాలు ఇలా అందుకో."

వాడు వీధిలోకి చూశాడు. గుడి వైపు చూశాడు. ఆగ్నేసమ్మ కాలు నీళ్ళు కారుతూ గాల్లో ఉంది, నా రెండు అరచేతుల్లో. "త్వరగా రా తమ్ముడూ, మీ బావగారికి నడుం పట్టేస్తోంది," అంది ఆమె.

అందించాడు. మొహం అటు తిప్పుకుని అందించాడు. అయినా అందించాడు.

రేపు ఈస్టర్. పండగ రోజు కూడా కాలు కాలే. పూజయ్యాక, భోజనాలయ్యాక, దీపాలు పెట్టే వేళకి ఇదే అరుగు మీద కూర్చుంటాను. ఎల్లుండి కూడా. ఎవరైనా ఏమైనా అనాలనుకుంటే వచ్చి అనొచ్చు. వట్టి చేతులతో నిలబడి అననివ్వను, మగ్గు ఇస్తాను.